పాఠశాలకు నర్సును పంపిన లిలియన్ వాల్డ్

రోగులకు సేవ చేసి పేరు గాంచిన స్త్రీలను గూర్చి ముచ్చట వచ్చినప్పుడు మన విద్యార్థులు మొట్టమొదట ఫ్లారెన్సు నైటింగేలు పేరు చెప్పుదురు. అది న్యాయమే. దీపము చేతబట్టి గాయపడిన సైనికుల నడుమ తిరిగిన ఆ తల్లి కథను పిల్లలు చిన్ననాటనే విందురు. కాని బడిలో చదువుకొను పిల్లవానికి కన్ను ఎఱ్ఱబడినను, ఒంటిపై పొక్కులు లేచినను, ఆటస్థలమున పడి మోకాలు చీరుకొన్నను, వానిని పరీక్షించి, వీడు తిరిగి తరగతికి పోవచ్చునా, ఇంటికి పోవలెనా, ఆసుపత్రికే పోవలెనా యని తేల్చి చెప్పగల నర్సు ఒకతె పాఠశాలలో నుండవలెనను ఆలోచన ఎట్లు పెరిగి పెద్దదైనదో ఎఱిగినవారు తక్కువ. ఆ ఆలోచనను కార్యరూపమునకు తెచ్చినవారిలో ముఖ్యురాలైన లిలియన్ వాల్డ్ జీవితమును ఈ సంచికలో మన పాఠకులకు పరిచయము చేయదలచితిమి.

లిలియన్ వాల్డ్ 1867వ సంవత్సరము మార్చి 10వ తేదీన అమెరికా దేశమున ఓహాయో రాష్ట్రమునందలి సిన్సినాటి నగరమున జన్మించెను. ఆమె తల్లిదండ్రులు జర్మనీ నుండి వచ్చి స్థిరపడిన యూదులు. తండ్రి కండ్లద్దములు మున్నగు వస్తువుల వ్యాపారి. కుటుంబము కొంతకాలమునకు న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరు పట్టణమునకు తరలిపోయెను. ఇంట సంపద కలదు, పుస్తకములు కలవు, సంగీతము కలదు. పదునాఱవ యేట ఆమె వాసరు కళాశాలలో చేరగోరగా, వయస్సు చాలదని వారు చేర్చుకొనరైరి. తరువాత కొన్నేండ్లు ఆ బాలిక సుఖముగనే కాలము గడపెను గాని ఆ సుఖము ఆమెకు తృప్తి నీయలేదు. ఒకప్పుడు ఆమె సోదరి ప్రసవించినపుడు పరిచర్యకు వచ్చిన నర్సు యొకతె పని చేయు తీరు చూచి, ఈ విద్య నేర్వవలెనని ఆమె నిశ్చయించుకొన్నది. న్యూయార్కు ఆసుపత్రికి చెందిన నర్సుల శిక్షణాలయమున చేరి 1891లో ఉత్తీర్ణురాలయ్యెను. పిదప ఒక సంవత్సరము అనాథ బాలుర శరణాలయమున పని చేసి, అచ్చటి పద్ధతులు రుచింపక, వైద్యకళాశాలలో చేరెను. డాక్టరు కావలెనని ఆమె కోరిక.

ఆ కోరిక నెరవేరలేదు. నెరవేరకపోవుట మంచిదే యైనదని మేము తలంచుచున్నాము.

ఆ కాలమున న్యూయార్కు నగరపు తూర్పు దిక్కున, పల్లపు వీధులలో, రష్యా, పోలండు, రుమేనియా, ఇటలీ దేశములనుండి కూటికై వచ్చిన లక్షలాది జనులు ఇరుకిరుకు గదులలో నివసించుచుండిరి. వెలుతురు లేని మెట్లు, నడవలో నాలుగిండ్ల కొక నీళ్లకొళాయి, ఒకే గదిలో వంటయు, నిద్రయు, దర్జీపనియు. 1893వ సంవత్సరపు వసంతమున వాల్డ్ ఆ పేటలోని స్త్రీలకు గృహపరిచర్యను గూర్చి పాఠములు చెప్పుటకు వెళ్లుచుండెను. ఒక వానరోజున ఆమె పడక సర్దు విధమును బోధించుచుండగా చిన్న బాలిక యొకతె వచ్చి, తన తల్లికి బాగులేదు, రమ్మని ఆమెను పిలిచెను. ఆ బాలిక వెంట బురదవీధులు దాటి, చెత్తకుప్పలు దాటి, ఒక పాడుబడిన ఇంటి వెనుకకు ఆమె పోయెను. ఏడుగురు గల ఆ కుటుంబము, మరికొందరు అద్దెవారితో గూడ, రెండు గదులలో కాపురముండెను. తండ్రి అంగవైకల్యము గలవాడు, బిచ్చమెత్తువాడు. ప్రసవించిన తల్లి రెండు దినములుగా రక్తస్రావముతో మాసిన పడకపై పడియుండెను. వాల్డ్ ఆమెకు స్నానము చేయించి, పడక మార్చి, నేల కడిగి, పిల్లలను శుభ్రపఱచి, అప్పుడు తిరిగి వచ్చెను. వైద్యకళాశాలకు ఆమె మరల చదువుకై పోలేదు.

ఇక ఆమె చేసిన పని యేమన, రోగులున్న చోటికే తన కాపురమును మార్చుకొనుట. తనతో చదివిన మేరీ బ్రూస్టరు అను నర్సుతో గూడి జెఫర్సన్ వీధిలోని ఒక అద్దెయింటి పైఅంతస్తున ఆమె దిగెను. ఎవరు పిలిచినను పోవుట, ఈయగలిగినవారి వద్ద కొద్దిపాటి రుసుము పుచ్చుకొనుట, ఈయలేనివారి వద్ద ఏమియు పుచ్చుకొనకుండుట వారి నియమము. బ్రూస్టరు ఆరోగ్యము చెడి కొంతకాలమునకు వైదొలగెను. జేకబ్ షిఫ్ అను ధనికుడు 1895లో హెన్రీ వీధిలోని 265వ నంబరు ఇంటిని ఆమె సంస్థ వాడుకకై సమకూర్చెను. ఆ ఇల్లు హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంటు అను పేర ప్రసిద్ధికెక్కెను. 1913 నాటికి ఆ సంస్థలో 92 మంది నర్సులు ఏటా రెండు లక్షల పర్యాయములు రోగుల ఇండ్లకు పోయివచ్చుచుండిరి. ప్రజారోగ్య నర్సు అను మాటను వాడుకలోనికి తెచ్చినది వాల్డే యని చెప్పుదురు.

ఇండ్లకు పోవుచుండగా ఆమె కొక వింత కనబడెను. పగటివేళ బడిలో నుండవలసిన పిల్లలు ఇంట నుండిరి, వీధిలో నుండిరి. ఎందుకని విచారించి ఆమె వారి పేళ్లను, కారణములను వ్రాసిపెట్టుకొనసాగెను. వారిలో లూయీ అను పండ్రెండేండ్ల బాలుడొకడు. వాని తలనిండ ఎగ్జిమా పుండ్లు. బడికి పోయిన ప్రతి పర్యాయము, తల బాగైన పిదప రమ్మని ఉపాధ్యాయులు వానిని పంపివేయుచుండిరి. పండ్రెండేండ్లు నిండినను వానికి చదువనే రాదు. తల్లి వానిని ధర్మాసుపత్రికి తీసికొనిపోకపోలేదు. అక్కడ లేపనము ఇచ్చిరి గాని దానిని ఎట్లు పూయవలెనో, ముందు తలనెట్లు కడుగవలెనో ఆమెకు విడమరచి చెప్పినవారు లేకపోయిరి. వాల్డ్ ఆ లేపనమునే పద్ధతిగా పూసి, తల్లికి చూపి, విడువక కనిపెట్టియుండెను. శరదృతువున బడి తెఱచునప్పటికి వాని తల నయమయ్యెను. వాడు జీవితమున మొదటిసారి తరగతిలో కూర్చుండెను. కొత్త మందేమియు లేదు. అదే మందు, తెలిసిన చేయి.

దీనికి ఎదురుగా మరియొక సంగతి. స్కార్లెట్ జ్వరము వచ్చి ఇంకను ఒంటిచర్మము పొట్టుపొట్టుగా రాలుచున్న బాలుడొకడు బడిలో తోటిపిల్లల నడుమ కూర్చుండియుండుట ఆమె కనుగొనెను. అది అంటువ్యాధి. ఆమె వానిని వెంటబెట్టుకొని నగర ఆరోగ్యశాఖాధ్యక్షుని యెదుట నిలిపెను. రాకూడని పిల్లవాడు బడిలో నున్నాడు, రాదగిన పిల్లవాడు వీధిలో నున్నాడు. వీరిని వేరుచేసి చూడగల కన్ను పాఠశాలలో లేదు.

1897లో న్యూయార్కు నగరమువారు 150 మంది డాక్టర్లను నెలకు 30 డాలర్ల జీతముపై పాఠశాలల తనిఖీకి నియమించిరి. డాక్టరు ఉదయమున బడికి వచ్చును, అనుమానము గల పిల్లలను చూచును, అంటువ్యాధి యున్నవారిని ఇంటికి పంపివేయును. అంతటితో వాని పని సరి. చికిత్స చేయుట వాని బాధ్యత కాదు. మొదట ఈ తనిఖీ పైపైననే జరిగెను. కొన్నేండ్లకు కంటిరెప్పలను సైతము పరీక్షింపనారంభింపగా ట్రకోమా అను కంటిజబ్బు వేలకొలది పిల్లలకు ఉన్నట్లు బయటపడెను. గజ్జి, తామర, తలలో పేలు, చీముపొక్కులు, వీనితోడి పిల్లలు సరేసరి. తనిఖీ ఎంత శ్రద్ధగా జరిగిన అంతగా తరగతి గదులు ఖాళీ కాజొచ్చెను.

మన ప్రాంతమున పట్టుపురుగులు పెంచు ఇండ్లలోని పిల్లలకు ఈ పద్ధతి తెలియనిది కాదు. తట్టలో జబ్బు పురుగు కనబడిన దానిని ఏరి అవతల పారవేయుదురు. లేనిచో తట్టంతయు పోవును. పురుగుల విషయమున అది సరియే. పిల్లల విషయమున ఆ నగరము చేసినదియు అదియే. ఏరివేయబడిన పిల్లవాడు ఎక్కడికి పోవును? ఉదయము బడినుండి పంపివేయబడినవాడు సాయంకాలము అదే తోటివారితో అదే వీధిలో ఆడుకొనుచుండెను. అంటు ఆగలేదు, చదువు మాత్రము ఆగెను.

పంపివేయునప్పుడు పిల్లవాని చేతికి ఒక చీటీ ఇచ్చుచుండిరి. దానిని చదువగల తల్లులు ఆ వీధులలో అరుదు. చదివించుకొన్నను జబ్బు పేరు తెలియునే గాని చేయవలసినదేమో తెలియదు. వారి ఇంటిభాష యిడ్డిష్ లేక ఇటాలియను, బడి భాష ఇంగ్లీషు. ఇందలి కష్టము మన నాగరగెరె వంటి సరిహద్దు ఊళ్లవారికి వేరుగ చెప్పనక్కఱలేదు. ఇంట తెలుగు, కచేరీలో కన్నడము. తాలూకా కచేరీ నుండి వచ్చిన కాగితము చేత బట్టుకొని, చదివిపెట్టుమని పొరుగింటి పిల్లవానిని పిలుచు అవ్వలు మన ఊళ్లలో లేకపోలేదు. చీటీ వ్రాసినవాడు తన పని ముగిసినదనుకొనును. అవ్వ పని అప్పుడే మొదలగును.

1902లో ఎర్నెస్టు లెడర్లీ అనునాతడు ఆరోగ్యశాఖాధికారిగా నుండగా వాల్డ్ అతని యెదుట ఒక సూచన నుంచెను. ఒక నర్సును ఒక మాసము పాటు తాము ఇచ్చెదము, జీతము నగరము ఈయనక్కఱలేదు, పని జయప్రదమైనచో మాత్రము ఆ నర్సులకు ప్రభుత్వధనము నుండియే జీతమిప్పించుటకు అధికారులు పాటుపడవలెను. ఉచితముగ నిచ్చునప్పుడును ఈ మాట ముందుగ తీసికొనుట ఆమె లోకజ్ఞానమునకు నిదర్శనము. ధర్మముగా మొదలైన పని ధర్మముగనే మిగిలిపోయిన యెడల, దాతకు విసుగు పుట్టిన దినముననే అది ఆగిపోవునని ఆమె యెఱుగును.

ఆ పనికి ఎన్నికైనది లీనా రోజర్సు. ఈమె కెనడా దేశస్థురాలు, 1870లో జన్మించి టొరాంటో నగరములోని పిల్లల ఆసుపత్రిలో 1894లో శిక్షణ ముగించినది. 1902 అక్టోబరు నెలలో నాలుగు పాఠశాలలు ఆమె కొప్పగింపబడెను. దినమునకు నాలుగింటిని చుట్టివచ్చుట, బడులు ముగిసిన పిదప పిల్లల ఇండ్లకు పోవుట ఆమె పని. డాక్టరు చూచి చెప్పిన పిల్లలను ఆమె ఒక్కొక్కరిగా పరీక్షించి వేరుచేయుచుండెను. చిన్న జబ్బైనచో అక్కడనే చికిత్స, వెంటనే తిరిగి తరగతికి. తామర మచ్చయున్న పిల్లవానికి దానిని కడిగి మందు రాసి కప్పివేసిన చాలును, పాఠము వినుటకు అడ్డములేదు. కండ్లకలకకు బోరికు ద్రావణముతో కడుగుట, గజ్జికి గంధకపు లేపనము, పేలకు కిరసనాయిలు నూనెతో కలిపి తలకు పట్టించుట, ఇవి ఆనాటి చికిత్సలు. (ఈ కడపటి దానిని మన పాఠకులెవ్వరును ఇంట ప్రయత్నింపరాదు. అది మంటకు అంటుకొనును, చర్మమును పొక్కించును. ఈనాడు అంతకంటె మంచి మందులు కలవు.) ట్రకోమా వంటి జబ్బైనచో ధర్మాసుపత్రికి పోవలసినదే. తల్లికి తీరిక లేనిచోట నర్సే పిల్లవానిని వెంటబెట్టుకొని పోవుచుండెను. తట్టు, కంఠసర్పి, స్కార్లెట్ జ్వరము అను అనుమానము తోచిన క్షణము ఆలస్యము లేక వేరుచేసి పంపవలెను. అందు దయాదాక్షిణ్యములకు తావు లేదు. ఆ పంపిన పిల్లవాని ఇంటికి సాయంకాలము నర్సు పోయి, చీటీలోని మాట యేమో, చేయవలసిన పని యేమో చేతలతో చూపుచుండెను.

ఆ ఒక్క మాసమున ఆమె 893 చికిత్సలు చేసి, 137 పర్యాయములు ఇండ్లకు పోయివచ్చెను. మాసము గడువగనే నగరమువారికి నమ్మకము కుదిరెను. కొలది మాసములలోనే మరి పండ్రెండుగురు నర్సులను నగరధనముతో నియమించి, లీనా రోజర్సును వారిపై పర్యవేక్షకురాలిగా జేసిరి. 1902 సెప్టెంబరులో రోగకారణమున బడినుండి పంపివేయబడిన పిల్లలు 10,567 మంది. 1903 సెప్టెంబరులో 1,101 మంది. ఈ లెక్కను చూచి రోగములే పదింట తొమ్మిదివంతులు మాయమైనవని భ్రమింపరాదు. జబ్బులు తగ్గుటయు కొంత కలదు గాని, చికిత్స పొందుచున్న పిల్లవానిని తరగతిలో ఉండనిచ్చు కొత్త నియమమువలననే లెక్క ఇంతగా మాఱినదని మా అభిప్రాయము. అట్లైనను ఆ పిల్లలు పాఠము విని యుండిరనుట మాత్రము నిజము గదా.

పాఠశాలకు నర్సును పంపుట వాల్డ్ కంటె ముందే ఎవరికిని తోచలేదని చెప్పిన అసత్యమగును. లండను నగరమున 1892లోనే అమీ హ్యూసు అను నర్సు ఒక పాఠశాలకు పోయి పిల్లలను చూచుచుండెను. 1898లో అక్కడ దీనికై ఒక సంఘము కూడ ఏర్పడెను. అది దాతల ధనముతో నడచిన పని. నర్సు జీతమును నగరము తన ఖర్చులలో చేర్చుకొనునట్లు చేయుట న్యూయార్కున జరిగిన విశేషము.

అవసరమును బట్టి రోగులను వేరుచేయు ఈ పద్ధతికి నేడు ట్రయాజ్ అని పేరు. అది ఫ్రెంచి మాట, ఏరుట యని అర్థము. నెపోలియను సేనలలో శస్త్రవైద్యుడైన డొమినిక్ లారే (1766–1842) యుద్ధరంగమున అధికారి యనియు, సామాన్యుడనియు చూడక, గాయపు తీవ్రతను బట్టి ముందెవరిని చూడవలెనో నిర్ణయించు ఆచారము నెలకొల్పెను. బడిలోని నర్సుయు అట్లే మొదట ఊపిరిని, తెలివిని, రక్తస్రావమును చూచును. ఊపిరాడని బిడ్డను, పిలిచిన పలుకని బిడ్డను, ఆగని రక్తము గల బిడ్డను చూచిన పిదపనే మిగిలినవారి వంతు. బిగ్గరగా ఏడ్చువాడు ముందు, మెదలక కూర్చున్నవాడు వెనుక అను క్రమము పనికిరాదు. ఒక్కొక్కప్పుడు మెదలక యున్నవాడే ప్రమాదమున నుండును. తలకు దెబ్బ తగిలినవాడు చక్కగా మాటలాడుచున్నను, కొంతసేపటికి వాంతియో, మగతయో వచ్చిన యెడల వానిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. అందుచే వానిని ఒంటరిగా ఇంటికి పంపరు, కనిపెట్టియుందురు.

మన దేశమున పాఠశాల పిల్లల వైద్యపరీక్ష 1909లో బరోడా నగరమున మొదలయ్యెను. 1960లో రేణుకా రే అధ్యక్షతను ఒక సంఘము పాఠశాలారోగ్యమును విచారించెను. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు వాహనములలో బడులకు వచ్చి పిల్లలను పరీక్షించుచున్నవి. ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా మన దేశమున తొలగిపోయినదని ప్రపంచారోగ్యసంస్థ 2024లో ధ్రువపఱచెను. వాల్డ్ కాలపు న్యూయార్కు పిల్లలను బడినుండి తరిమినది ఆ జబ్బే. అయినను బృందము వచ్చిపోవుటకును, దినదినము నర్సు ఉండుటకును భేదము కలదు. పల్లెబడిలో మిగిలిన దినములందు చూడవలసినవారు ఉపాధ్యాయులే.

వాల్డ్ తరువాతి జీవితము పెక్కు పనులతో నిండినది. హెన్రీ వీధి యింటి పెరటిలో పిల్లలకు ఆటస్థలమును ఏర్పఱచెను. మందబుద్ధులని పేరుపడిన పిల్లలకు ప్రత్యేక తరగతి నడిపిన ఎలిజబెత్ ఫారెల్ అను ఉపాధ్యాయురాలికి అండగా నిలిచెను. పిల్లల శ్రేయస్సునకై కేంద్రప్రభుత్వమున ఒక శాఖ యుండవలెనని ఆమె చెప్పగా చెప్పగా 1912లో అది ఏర్పడెను. ఆ యేడే ప్రజారోగ్య నర్సుల జాతీయసంస్థకు ఆమె మొదటి అధ్యక్షురాలయ్యెను. తన అనుభవములను 1915లో గ్రంథముగ వెలువరించెను. 1914లో యూరోపున యుద్ధము రేగినపుడు ఆమె శాంతిపక్షమున నిలిచెను. అందువలన ఆమెపై అలిగి చందాలు నిలిపినవారు కలరు. పేదరోగుల పని ఆ చందాలతోనే నడచుచుండినందున, ఆమె తన నమ్మకమునకై చెల్లించిన వెల ఆమె ఒక్కతెదే కాదు. ఇది ఆమె చరిత్రమున చిక్కైన ఘట్టము. ఆమె చేసినది తప్పని మేము చెప్పజాలము, సులభమైనదనియు చెప్పజాలము. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చినపుడు నగరములోని నర్సులనందఱను ఒక్కత్రాట నడిపిన మండలికి అధ్యక్షురాలిగా నుండుటకు జనులు మరల ఆమెనే పిలిచిరి.

లీనా రోజర్సు స్వదేశమునకు మరలి, 1910 నుండి టొరాంటోలో పాఠశాలా నర్సుల పనిని నడిపి, 1917లో ఆ వృత్తిని గూర్చి ఒక గ్రంథము వ్రాసి, 1946లో మరణించెను.

వాల్డ్ వివాహము చేసికొనలేదు. సుమారు నలువది యేండ్లు ఆ వీధినే తన ఊరిగా జేసికొన్నది. ఆరోగ్యము క్షీణింపగా 1933లో సంస్థ పదవిని విడిచి, కనెటికట్టు రాష్ట్రములోని వెస్ట్‌పోర్టున చెరువుగట్టు ఇంట నివసించి, 1940 సెప్టెంబరు 1వ తేదీన కన్నుమూసెను. ఆమె సమాధి రాచెస్టరున కలదు. హెన్రీ వీధిలోని 265వ నంబరు ఇల్లు నేటికిని ఆ సంస్థ చేతిలోనే యున్నది.